ఆ తుపాకీ చేసింది... ఐబీఎం!

ప్రెషర్‌ కుక్కర్‌ గాస్కెట్‌ పాడైంది. బజారుకెళ్లి అదే కంపెనీది, అదే సైజుది తెచ్చారు. తీరా బిగించబోతే మూత పట్టదు. పట్టినా పక్కనుంచి ఆవిరి బుసలు కొడుతుంది. 'పేరు ఒకటే, కొలత ఒకటే... మరి ఎందుకు సరిపోదూ' అని విసుక్కోని ఇల్లాలు ఉండదు. వంటింట్లో అయితే సరే, ఆ పూట పప్పు గిన్నెలో ఉడుకుతుంది. అదే ఇబ్బంది యుద్ధరంగంలో, శత్రువు ఎదురుగా ఉన్న సైనికుడికి వస్తే? అతని తుపాకీలో విరిగిన ఒక్క ముక్క స్థానంలో కొత్త ముక్క బిగించబోతే పట్టకపోతే?

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ప్రపంచానికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ వెతుకులాటలోంచే ఇవాళ్టి ఫ్యాక్టరీలు పుట్టాయి. కార్లు, కుట్టుమిషన్లు, సెల్‌ఫోన్లు చవకయ్యాయి. ఆ మాటకొస్తే మన మాదాపూర్‌, గచ్చిబౌలి అద్దాల మేడల్లో కూర్చుని వేలమంది కుర్రాళ్లు చేస్తున్న ఉద్యోగాల మూలం కూడా అక్కడే ఉంది. నమ్మబుద్ధి కావడంలేదా? అయితే ఈ తుపాకీ కథ చదవాల్సిందే.

జ్యూక్‌బాక్సుల కంపెనీ... టైప్‌రైటర్ల కంపెనీ...

హైటెక్‌ సిటీలో ఐబీఎం అన్న మూడక్షరాలు తెలియనివారు ఉండరు. కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్‌... అంతేగా? కానీ 1943-44 సంవత్సరాల్లో ఆ సంస్థ న్యూయార్క్‌ రాష్ట్రంలోని పొకీప్సీలో తుపాకులు తయారుచేసింది. ఒకటీ రెండూ కాదు, 3,46,500! వాటి పేరు ఎమ్‌1 కార్బైన్‌. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం వాడిన తేలికపాటి తుపాకీ.

అప్పటికి యుద్ధం ముదిరింది. తుపాకులు లక్షల్లో కావాలి. ఉన్న ఆయుధ కర్మాగారాలు చాలవు. దాంతో ఇనుము కోయడం, సాన పెట్టడం తెలిసిన కంపెనీలన్నిటినీ ప్రభుత్వం రంగంలోకి దింపింది. పది ప్రధాన కంపెనీలకు కాంట్రాక్టులిచ్చింది. వాటిలో వించెస్టర్‌ ఒక్కటే పేరున్న తుపాకుల కంపెనీ. మిగతావి చూస్తే నవ్వొస్తుంది. హోటళ్లలో పాటలు వినిపించే జ్యూక్‌బాక్సులు చేసే రాక్‌-ఓలా, టైప్‌రైటర్ల అండర్‌వుడ్‌, తపాలా ముద్రల యంత్రాలు చేసే నేషనల్‌ పోస్టల్‌ మీటర్‌, కార్ల స్టీరింగులు చేసే జనరల్‌ మోటార్స్‌ వారి సాగినా విభాగం... ఇదీ వరస. అంతా కలిసి అరవై లక్షలకు పైగా తుపాకులు చేశారు.

చిత్రమేమిటంటే, ఏ కంపెనీ కూడా తుపాకీ మొత్తం తానే చేయలేదు. గొట్టం ఒకచోట, బోల్టు ఒకచోట, చెక్క పిడి మరోచోట, స్ప్రింగులు ఇంకోచోట. క్వాలిటీ హార్డ్‌వేర్‌ అనే కంపెనీ అయితే రిసీవర్‌ అనే ప్రధాన భాగం ఒక్కటి సొంతంగా చేసుకుని మిగతావి దాదాపు అన్నీ బయటినుంచి తెప్పించుకునేది. ఒక కంపెనీలో స్ప్రింగులు మిగిలిపోయి, మరో కంపెనీలో కొరత వస్తే లారీకెత్తి పంపించేవారు. ఎవరి దగ్గర ఏముంది, ఎవరికి ఏం కావాలి అని చూసుకునేందుకు కంపెనీల ప్రతినిధులతో ఓ సమన్వయ సంఘమే ఉండేది. నేడు ఐటీలో అవుట్‌సోర్సింగ్‌ అంటున్నామే, దాని తాత అన్నమాట!

ఇంతమంది చేతులు పడిన తుపాకీ పేలాలంటే ఒకటే షరతు. ఏ కంపెనీ చేసిన ముక్క అయినా ఏ కంపెనీ తుపాకీలోనైనా ఆకురాయితో రుద్దకుండా, సుత్తితో కొట్టకుండా ఇట్టే కూర్చోవాలి. ఆ షరతు నిలబెట్టుకోలేని కంపెనీని సైన్యం క్షమించలేదు. ఫర్నిచర్‌ వ్యాపారంలోంచి వచ్చిన ఇర్విన్‌-పెడర్సన్‌ అనే సంస్థ తుపాకులు తనిఖీలో నెగ్గలేదు. 1943లో ఆ కాంట్రాక్టు రద్దయి, ఫ్యాక్టరీ సాగినా విభాగం చేతుల్లోకి వెళ్లింది.

కవలలే... కానీ పుట్టుమచ్చలు వేరు

సరిపోవడం వేరు, ఒకేలా ఉండటం వేరు. ఎమ్‌1 కార్బైన్‌ విడిభాగాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. మొదట్లో చేసిన బోల్టు పైభాగం చదునుగా ఉండేది. తర్వాత వచ్చినవి గుండ్రంగా ఉన్నాయి. చదును చేయాలంటే యంత్రం మీద ఒక పని ఎక్కువ. ఆ పని మానేస్తే రోజుకు మరికొన్ని బోల్టులు బయటికొస్తాయి. పేలడానికి రెండూ ఒకటే. గురిచూసే భాగం మొదట్లో రెండు దూరాలకు సరిపోయేలా అటూ ఇటూ వాలే చిన్న రేకు. తర్వాత జరుపుకునే వీలున్నది వచ్చింది. పిడికి పక్కన నూనె సీసా పట్టే గాడి ఆకారం కూడా మారింది.

ఏ ముక్క ఎవరు చేశారో తెలియడానికి దానిమీద చిన్న అక్షరం కొట్టేవారు. అదెందుకు? ముక్క విరిగితే తప్పెవరిదో తేల్చుకోవాలి కదా!

యుద్ధం ముగిశాక అసలు తమాషా మొదలైంది. వాడిన తుపాకులన్నిటినీ డిపోలకు తెచ్చి విప్పారు. బోల్టులన్నీ ఒక తొట్టెలో, స్ప్రింగులన్నీ ఇంకో తొట్టెలో. కడిగి, తనిఖీ చేసి, చేతికొచ్చిన ముక్క చేతికొచ్చిన తుపాకీకి బిగించారు. ఇంకేముంది... ఐబీఎం రిసీవర్‌కు అండర్‌వుడ్‌ గొట్టం, రాక్‌-ఓలా బోల్టు! సైన్యానికి అదో పెద్ద విజయం. ఎందుకంటే అన్నీ పేలాయి. కానీ 1963లో మిగులు కార్బైన్లను అమెరికా పౌరులకు 20 డాలర్లకే అమ్మకానికి పెట్టాక, పాత ఆయుధాలు సేకరించేవారికి కొత్త తలనొప్పి పట్టుకుంది. అన్ని ముక్కలూ ఒకే కంపెనీవి ఉన్న తుపాకీ కావాలని వెతుకులాట! అక్షరాలు చూసి ముక్కలు ఏరుకోవడం అక్కడ కొందరికి జీవితకాలపు సరదా అయింది. వాళ్లు తెలుసుకున్న నిజమేమిటంటే, కొన్ని తుపాకులు ఫ్యాక్టరీ గడప దాటేనాటికే కలగాపులగం. 'అచ్చమైన' తుపాకీ అన్నదే అరుదు.

త్రీనాట్‌త్రీ గుట్టు

మనకు బాగా తెలిసిన తుపాకీ సంగతి చూద్దాం. పోలీసుస్టేషన్‌ గేటు దగ్గర సెంట్రీ భుజానికి, పోలింగ్‌ కేంద్రం దగ్గర కానిస్టేబుల్‌ చేతిలో ఏళ్లతరబడి కనిపించిన పొడవాటి తుపాకీ... త్రీనాట్‌త్రీ. దాని అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్‌. గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో 0.303 వంతు కాబట్టి ఆ ముద్దుపేరు. ఇందులో పొట్టి గొట్టం రకం 1904లో బ్రిటిష్‌ సైన్యంలోకి వచ్చింది. ఇంగ్లండులోనే కాక ఆస్ట్రేలియాలోని లిత్‌గౌలో, మన బెంగాల్‌లోని ఇషాపూర్‌లో కూడా తయారైంది. రెండో ప్రపంచయుద్ధం నాటికి వచ్చిన నంబర్‌ 4 రకాన్ని ఇంగ్లండుతోపాటు కెనడాలోని లాంగ్‌ బ్రాంచ్‌, అమెరికాలోని శావేజ్‌ కంపెనీలూ చేశాయి. శావేజ్‌ ఒక్కటే పది లక్షలకు పైగా చేసింది. అన్ని రకాలూ కలిపితే లెక్క కోటిన్నర దాటుతుంది.

ఇంగ్లండులో బాంబుల భయంతో తుపాకీమీద ఫ్యాక్టరీ పేరు కూడా కొట్టేవారు కాదు. షిర్లీలోని బీఎస్‌ఏ కంపెనీ గుర్తు 'ఎమ్‌47'. శావేజ్‌ ముక్కలమీద 'ఎస్‌' అక్షరం. గొట్టం లోపల తూటాను తిప్పే గాడులు మామూలుగా అయిదు. యుద్ధం తొందరలో శావేజ్‌, లాంగ్‌ బ్రాంచ్‌ రెండు గాడులతో సరిపెట్టేశాయి. అయినా గురి పెద్దగా తప్పలేదు!

ఇంత కలుపుగోలు తుపాకీలో కూడా ఒక ముక్క మాత్రం మొండికేసింది. అది బోల్టు. తూటా వెనక తలుపు గడియలా పడే భాగం అదే. గడియకూ గొట్టానికీ మధ్య తూటా అంచు కూర్చునేందుకు కొంచెం చోటుండాలి. ఆ చోటు తక్కువైతే గడియ పడదు. ఎక్కువైతే తూటా తొడుగు సాగి చిట్లి, ఆ మంట కాల్చేవాడి ముఖంమీదికే వస్తుంది. నంబర్‌ 4 తుపాకీలో ఆ చోటు అంగుళంలో 0.064 వంతుకు తగ్గకూడదు, 0.074 దాటకూడదు. రెండింటి మధ్య తేడా పావు మిల్లీమీటరు. మనం రాసుకునే తెల్లకాగితాలు రెండున్నర దొంతర పెడితే ఎంతో, అంత!

ఆ సన్నని సందులో సైనికుడి ప్రాణం ఉంది. అందుకే బోల్టును ఏ తుపాకీకి ఆ తుపాకీకే అమర్చి, తుపాకీ నంబరే దానిమీదా కొట్టేవారు. బ్యారక్‌లో తుపాకులు తుడిచేటప్పుడు బోల్టులు మారిపోతే హవల్దారు చేతిలో సిపాయికి మూడినట్టే. ఆ కోపం ఊరికే కాదు, పావు మిల్లీమీటరు కోసం.

నంబర్‌ 4 తుపాకీలో దీనికో ఉపాయం కూడా చేశారు. బోల్టు కొన మీద తొడిగే చిన్న తలను 0, 1, 2, 3 అని నాలుగు సైజుల్లో చేశారు. తుపాకీ అరిగి సందు పెరిగితే పై నంబరు తల తొడిగితే సరి. అంటే ముక్కలన్నీ అచ్చు ఒకేలా చేయడం మావల్ల కాదని ఇంజినీర్లు ముందే ఒప్పుకున్నారన్నమాట. ఒప్పుకుని, ఆ తేడాను సర్దే దారి కూడా తుపాకీలోనే పెట్టారు. పరీక్షలో నెగ్గక కాల్చడానికి పనికిరావనుకున్న తుపాకులమీద 'డీపీ' అని కొట్టి కవాతుకు వాడేవారు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో అలాంటి బరువైన తుపాకీ మోసిన భుజాలు మన ఇళ్లలో చాలానే ఉంటాయి.

అంగుళమా? మిల్లీమీటరా?

1962 చైనా యుద్ధంలో మన జవాన్లు ఒక్కో తూటాకూ గడియ తీసి వేసే త్రీనాట్‌త్రీలతోనే మంచుకొండలమీద పోరాడారు. ఆ చేదు అనుభవం తర్వాత మన సైన్యం చేతికి ఎస్‌ఎల్‌ఆర్‌ వచ్చింది. దీని అసలు పుట్టిల్లు బెల్జియంలోని ఎఫ్‌ఎన్‌ కంపెనీ. అక్కడ గీసిన బొమ్మలన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి. బ్రిటన్‌, కెనడా, ఆస్ట్రేలియాలు దాన్ని తీసుకున్నప్పుడు ఆ కొలతలన్నీ అంగుళాల్లోకి మార్చుకుని, కొన్ని మార్పులు కూడా చేసుకున్నాయి. దాంతో ఒకే తుపాకీకి రెండు వంశాలు ఏర్పడ్డాయి. చూడటానికి కవలలు. కానీ తూటాలు నింపే పెట్టె దగ్గర పేచీ. మిల్లీమీటర్ల పెట్టె అంగుళాల తుపాకీలో కాస్త వదులుగానైనా పడుతుంది. అంగుళాల పెట్టె మిల్లీమీటర్ల తుపాకీలో పట్టదు. ముందున్న కొక్కెం పెద్దది మరి!

మనది మూడో దారి. ఎఫ్‌ఎన్‌తో లైసెన్సు చర్చలు కుదరలేదు. మన రక్షణ పరిశోధన ఇంజినీర్లు వేర్వేరు దేశాల తుపాకులు తెప్పించి, విప్పి, ప్రతి ముక్కా కొలిచి సొంతంగా బొమ్మలు గీశారు. ఇషాపూర్‌లో, తర్వాత తిరుచిరాపల్లిలో తయారైన ఆ '1ఏ1' తుపాకీ మడమకు త్రీనాట్‌త్రీ మడమ రేకునే వాడుకున్నారు. పాత తుపాకీ చీర కొంగు కొత్త తుపాకీకి అతికినట్టు! తర్వాత ఎఫ్‌ఎన్‌ అభ్యంతరం చెప్పడం, వారి దగ్గర మరికొన్ని తుపాకులు కొనేందుకు ఒప్పుకుని భారత్‌ రాజీ పడటం వేరే కథ.

ఇలా విప్పి కొలవడంలో ఓ పెద్ద చిక్కుంది. ముక్కను కొలిస్తే దాని పొడవు తెలుస్తుంది. కానీ ఆ పొడవు ఎంత పెరిగినా ఫర్వాలేదో, ఎంత తగ్గితే ప్రమాదమో ముక్క చెప్పదు. అది గీసినవాడికే తెలుసు. ఆ హద్దులన్నీ మన ఇంజినీర్లు మళ్లీ మొదటినుంచీ ఆలోచించి, పరీక్షించి తేల్చుకోవాల్సి వచ్చింది. ఈ తుపాకీలోనే ఆగకుండా పేలే రకాన్ని బీఎంపీ-2 యుద్ధవాహనం గోడకున్న రంధ్రాల్లోంచి కాల్చేందుకు చేశారు. ఆ వాహనం మనదేశంలో తయారైంది ఎక్కడో కాదు, హైదరాబాద్‌ శివార్లలో ఎద్దుమైలారంలో 1984లో నెలకొల్పిన మెదక్‌ ఆయుధ కర్మాగారంలోనే. 'శరత్‌' పేరుతో 1987లో సైన్యంలోకి వచ్చింది.

అమెరికాలోలా మనదగ్గర పాత సైనిక తుపాకీ ముక్కల బజారు లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధమంటే దాని విడిభాగాలు కూడా. సైన్యం వాడే తూటా సైజు పౌరుల తుపాకీకి ఉండకూడదు కాబట్టే, త్రీనాట్‌త్రీ నమూనా మీదే ఇషాపూర్‌లో 0.315 సైజు తుపాకీ వేరుగా చేశారు. ఉత్తరప్రదేశ్‌ పోలీసులు 2020 జనవరి 26 పెరేడ్‌తో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పారు.

ఫిరంగుల మూస నుంచి...

ఏ ముక్కయినా ఏ తుపాకీకైనా పట్టాలన్న ఆలోచన మొదట ఫ్రాన్స్‌లో మెరిసింది. 1785లో ఆనరే బ్లాంక్‌ అనే తుపాకుల మేస్త్రీ విడిభాగాల కుప్పలు ముందు పెట్టాడు. అప్పుడు ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్‌ జెఫర్సన్‌ చేతికందిన ముక్కలు తీసి తానే స్వయంగా కొన్నిటిని బిగించి చూసి ఆశ్చర్యపోయాడు. ఆ మాట ఉత్తరంలో తన దేశానికి రాశాడు.

సరిగ్గా ఆ కాలంలోనే మరో ఫ్రెంచివాడు హైదరాబాద్‌లో ఫిరంగులు పోయిస్తున్నాడు. రెండో నిజాం కొలువులోని సేనాని మాన్స్యూర్‌ రేమండ్‌. మన జనం నోట మూసారాముడైన పెద్దమనిషి ఆయనే. ఫతేమైదాన్‌ దగ్గరున్న ఆ ఫిరంగుల బట్టీ పేరు 'తోప్‌ కా సాంచా'. అంటే ఫిరంగుల మూస. నేటి గన్‌ఫౌండ్రీ. ఆరోజుల్లో మట్టిమూసలో లోహం పోసి, చల్లారాక మూసను పగలగొట్టి ఫిరంగిని బయటికి తీసేవారు. మూస ఉన్నా ప్రతి ఫిరంగికీ కొత్త మూసే. కాబట్టి ఏ రెండూ ఒకటి కావు.

రేమండ్‌ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది అమెరికాలో ఎలీ విట్నీ రెండేళ్లలో పదివేల తుపాకులు చేసిస్తానని ఒప్పందం రాశాడు. ఇవ్వడం పూర్తయ్యేసరికి 1809. 1801లో ఆయన పెద్దల ముందు ముక్కలు అటూ ఇటూ మార్చి బిగించి చూపిన ప్రదర్శన చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో వెలిగింది. తీరా తర్వాతి చరిత్రకారులు ఆయన తుపాకులు విప్పి చూస్తే ముక్కలు ఒకదానికొకటి పట్టలేదు! నిజంగా పట్టేలా చేసినవాడు హార్పర్స్‌ ఫెర్రీ ఆయుధాగారంలోని జాన్‌ హాల్‌, అదీ 1820ల్లో. పదుల కొద్దీ కొలమానాలు తయారుచేసుకుని, ప్రతి ముక్కనూ వాటితో పరీక్షించడమే ఆయన కిటుకు. 1834 నాటికి వేరే ఊళ్లో సిమియన్‌ నార్త్‌ చేసిన ముక్కలు కూడా హాల్‌ తుపాకులకు సరిపోయాయి.

ఊళ్లు వేరు, చేతులు వేరు, కొలత ఒకటే. ప్రపంచం మారింది అక్కడే.

హైటెక్‌ సిటీలో 'ప్లస్‌ ఆర్‌ మైనస్‌'

1998 నవంబరు 22న సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైనప్పుడు హైటెక్‌ సిటీ అంటే సాఫ్ట్‌వేరే అనుకున్నారంతా. కానీ అక్కడ ప్రోగ్రాములు రాసేవారితోపాటు బొమ్మలు గీసేవారూ ఉన్నారు. 1991లో మొదలైన ఇన్ఫోటెక్‌ ఎంటర్‌ప్రైజెస్‌, 2014 నుంచి సైయెంట్‌, విదేశీ విమాన ఇంజిన్ల కంపెనీలకు ఇంజినీరింగ్‌ పని చేసిపెడుతూ ఎదిగింది. ఇలాంటి సంస్థల్లో ఓ మెకానికల్‌ ఇంజినీరు రోజంతా తెరమీద చూసేది ఒక అంకె, దాని పక్కన కూడిక తీసివేతల గుర్తు, ఆ పక్కన మరో చిన్న అంకె. ముక్క ఎంత ఉండాలో మొదటి అంకె చెబుతుంది. ఎంత తేడా ఉన్నా ఫర్వాలేదో రెండోది చెబుతుంది. పని విలువంతా ఆ రెండో అంకెలోనే ఉంది. హద్దు మరీ బిగిస్తే ముక్క ధర కొండెక్కుతుంది. వదులు చేస్తే ప్రాణం మీదికొస్తుంది. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ టూల్‌ డిజైన్‌లో చేరిన పిల్లలు మొదట నేర్చేదీ ఈ కొలతల పాఠమే.

గచ్చిబౌలి దగ్గర అవుటర్‌ రింగురోడ్డు ఎక్కి శంషాబాద్‌ దాటి వెళ్తే ఆదిభట్ల. అక్కడ టాటా-బోయింగ్‌ ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్‌ మధ్యభాగం తయారవుతుంది. మొదటిది 2018లో బయటికొచ్చింది. అది సముద్రాలు దాటి అమెరికాలోని ఆరిజోనాకు వెళ్లి, అక్కడ మిగతా భాగాలతో కలవాలి. అక్కడ ఆకురాయి పట్టుకుని ఎవరూ కూర్చోరు. ఇక్కడినుంచి వెళ్లింది అక్కడ కూర్చోవాలి, అంతే. జాన్‌ హాల్‌ ఎదుర్కొన్న పరీక్షే, దూరం మాత్రం వేల కిలోమీటర్లు.

హద్దులు ముందే మాట్లాడుకోకపోతే కంప్యూటర్లున్నా కొంప మునుగుతుంది. 1999లో నాసా వారి మార్స్‌ క్లైమేట్‌ ఆర్బిటర్‌ అంగారకుడి దగ్గర నాశనమైంది. కారణం? ఒక జట్టు సాఫ్ట్‌వేర్‌ పౌండ్లలో లెక్క ఇచ్చింది, ఇంకో జట్టు దాన్ని మెట్రిక్‌ లెక్క అనుకుంది. ఎస్‌ఎల్‌ఆర్‌ పేచీయే మరో రూపంలో! 2006లో ఎయిర్‌బస్‌ ఏ380 విమానంలో తీగలు పొడవు చాలక ఆగిపోయాయి. జర్మనీ ఇంజినీర్లు, ఫ్రాన్స్‌ ఇంజినీర్లు ఒకే డిజైన్‌ సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు వెర్షన్లు వాడటం అందుకు పెద్ద కారణం. విమానాలు ఆలస్యమై కంపెనీ వేలకోట్లు నష్టపోయింది.

కాబట్టి, అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా చేయడం గొప్పతనం కాదు. అది ఎవరివల్లా కాలేదు, ఐబీఎం వల్ల కూడా. ఎంత తేడా వచ్చినా కలిసి నడవగలమో ముందే తేల్చుకుని కాగితం మీద పెట్టుకోవడమే అసలు తెలివి. ఆ తేడాకు ఇంజినీర్లు పెట్టుకున్న పేరు టాలరెన్స్‌. మన భాషలో చెప్పాలంటే... సహనం!